జ్ఞానతల్లి దీవెన

అనాక్లెతో అనే మేస్త్రీ బూట్లు కొన్నాడు. కొనడమైతే కొన్నాడు గాని, తొడుక్కోవడం అతని వల్ల కాలేదు.

పుట్టిన నాటి నుంచీ నేలను అంటుకుని తిరిగిన పాదాలవి. కోసిన చెరకు మోళ్ళ మీద, బూడిద మీద, చెరకు పాకాల శాలలో వేడి తుంపరలు పడే రాళ్ళ మీద తిరిగి తిరిగి వేళ్ళు విసనకర్రలా విచ్చుకుపోయాయి, మడమలు పెంకులైపోయాయి. చెప్పులు కుట్టే ముసలి జెర్వాజియో ఆ పాదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది కాలా మేస్త్రీ, పడవ తెడ్డా?"

"ఏదో ఒకటి. దూర్చు."

"దూరదయ్యా. ఊళ్ళో తోలంతా తెచ్చి కుట్టినా దూరదు. మే నెల నుంచీ ఇదే గోల నాకు. ఒక్కొక్కడూ రావడం, తొడుక్కోవడం, కుంటుకుంటూ బయటికి పోవడం, ఆ సందు మలుపులో విప్పి మెళ్ళో వేసుకోవడం. ఈ ఊళ్ళో బూట్లు కాళ్ళకంటే మెడలకే ఎక్కువున్నాయి."

అనాక్లెతో నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ముసలాయన అన్నది నిజమే. బ్రెజిల్‌లో బానిసకి బూట్లు లేవు. చట్టంలో ఎక్కడ రాసుందో ఎవరూ చూడలేదు గాని, పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. దొరసాని పట్టు కట్టించి, మెళ్ళో గొలుసు వేసి, తన వెనకాల చర్చికి నడిపించుకుపోయే దాసికైనా కాళ్ళు మాత్రం బోడివే. ముఖం చూడక్కర్లేదు, కాళ్ళు చూస్తే చాలు, ఆ మనిషి ఎవరి సొత్తో అడగొచ్చు. అందుకే మే నెలలో రాజధాని నుంచి తంతి వచ్చి, ఇక ఈ దేశంలో బానిసలు లేరంటూ చర్చి గంటలు మోగిన వారానికే బూట్ల కొట్లు ఖాళీ అయ్యాయి. తిండి కంటే ముందు, తలమీద కప్పు కంటే ముందు జనం బూట్లు కొన్నారు. పట్టవని తెలిశాక కూడా కొన్నారు.

"ఇన్నాళ్ళూ ఆగినవాడివి, ఇప్పుడెందుకయ్యా నీకు?" అన్నాడు జెర్వాజియో.

"రేపు జడ్జిగారి ముందు నిలబడాలి. పిల్ల కోసం. వట్టి కాళ్ళతో వెళ్తే మనిషిగా చూడరేమోనని."

ముసలాయన సుత్తి పక్కన పెట్టాడు. "వకీలున్నాడా?"

"అందర్నీ అడిగా. ఒక్కడూ రానన్నాడు."

"ఎందుకొస్తాడు? ఆ వకీలు చదివిన చదువు చక్కెర. జడ్జిగారి వేలికున్న ఉంగరం చక్కెర. చర్చిలో బంగారు దేవదూతలున్నారే, ఆ బుగ్గలు కూడా చక్కెరే. నేను మాత్రం? దొరలకి బూట్లు కుట్టిన డబ్బుతోనేగా నన్ను నేను కొనుక్కుని విడుదలైంది! ఈ ఊళ్ళో ఏ గోడ గోకినా చక్కెరే రాలుద్ది. ఆ చక్కెరని గోకితే ఏం రాలుద్దో నీకు నేను చెప్పాలా?"

అనాక్లెతో రెండు బూట్లనీ తాడుతో ముడేసి మెళ్ళో వేసుకుని లేచాడు.

"కనీసం కోర్టు గుమ్మంలోనన్నా తొడుక్కోవయ్యా," అని వెనకనుంచి అరిచాడు ముసలాయన.

*

పిల్ల పేరు జసింతా. తొమ్మిదేళ్ళది. అనాక్లెతోకీ దమియానాకీ మిగిలింది ఆ ఒక్కతే. అంతకు ముందు పుట్టినవాణ్ణి, మీసాలు కూడా రాకుండానే, చక్కెర మిల్లు యజమాని బారెతో దొర తండ్రి, పెద్ద దొర, దక్షిణాదికి, కాఫీ తోటల వాళ్ళకి అమ్మేశాడు. వాణ్ణి ఓడెక్కించిన రోజు కూడా అనాక్లెతో పాకం కాచాడు. కాచక తప్పలేదు. అతను బారెతో మిల్లులో పాకం మేస్త్రీ. చెరకు రసం పెనంలో పొంగి, నురగ తీసి, చిక్కబడి, ఇక దింపాలి అన్న ఆ ఒక్క క్షణాన్ని పట్టుకోవడం అతని పని. ఒక్క ఊపిరి ముందు దింపితే చక్కెర కట్టదు, ఒక్క ఊపిరి ఆలస్యమైతే మాడుతుంది. అనాక్లెతో చేతిలో పాకం ఏనాడూ మాడలేదు. కొడుకుని అమ్మిన రోజు కూడా మాడలేదు. దాన్ని అందరూ గొప్పగా చెప్పుకునేవారు. అందులో గొప్పేముందో అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు.

జసింతా పుట్టేనాటికి కొత్త చట్టమొకటి ఉండేది. బానిస కడుపున పుట్టిన పిల్లలు ఇక స్వేచ్ఛగా పుట్టినట్టే అన్నారు. అయితే ఇరవయ్యొకటో ఏడు వచ్చేదాకా తల్లి దొరకే చాకిరీ చెయ్యాలన్నారు. ఆ చట్టాన్ని నమ్ముకుని గుండె మీద చెయ్యేసుకు పడుకునేంత అమాయకులు మిల్లులో ఎవరూ లేరు. అందుకే మొగుడూ పెళ్ళాం ఆలోచించి ఒక పని చేశారు. బారెతో దొర చెల్లెలు, చిన్న దొరసాని దోనా కాందిదా దగ్గరికెళ్ళి, గుమ్మం ముందు మోకరిల్లి, మా పిల్లకి జ్ఞానతల్లిగా, దేవుడి ఎదుట రెండో తల్లిగా ఉండమ్మా అని వేడుకున్నారు. దొర ఇంటి మనిషే దేవుడి ముందు పిల్లని చేతుల్లోకి తీసుకుంటే, ఇక ఆ పిల్లని అమ్మడానికి ఏ దొరకి చేతులొస్తాయి? అదీ వాళ్ళ లెక్క. కాందిదా అప్పటికి పెళ్ళి కాని పిల్ల, ఇప్పటికీ కాలేదు. సరేనంది. జ్ఞానస్నానం రోజున పసిదాన్ని ఎత్తుకుని, దాని నుదుటి మీద నీళ్ళు పడుతుంటే కంటతడి పెట్టుకుంది కూడా. పెట్టుకోలేదని అబద్ధం చెప్పకూడదు.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం జసింతా కాందిదా ముందు చేతులు జోడించి "దీవించు తల్లీ" అనడం, కాందిదా చెయ్యందించడం, పిల్ల ఆ చేతిని ముద్దు పెట్టుకోవడం. ఆ సీమలో మర్యాద అంటే అది. జ్ఞానతల్లి దీవెన అడగని పిల్లని పెంపకం లేని పిల్ల అంటారు. అంతకంటే పెద్ద తిట్టు తల్లిదండ్రులకి ఉండదు.

మే నెలలో స్వేచ్ఛ వచ్చింది. ఒక్క వాక్యంలో వచ్చింది. భూమి రాలేదు, ఇల్లు రాలేదు, ఇన్నేళ్ళ చాకిరీకి ఎర్ర ఏగాణీ రాలేదు. పైగా పోయిన మనుషులకి నష్టం కట్టివ్వమని దొరలే సర్కారుకి అర్జీలు పెట్టుకున్నారు. అయినా మిల్లు మొత్తం ఖాళీ అయింది. అనాక్లెతో పెళ్ళాం పిల్లతో నది ఒడ్డునున్న ఊరికొచ్చి ఒక గది చూసుకున్నాడు. పొగాకు మూటలు మోశాడు. దమియానా వీధి మలుపులో నూనె బాండీ పెట్టుకుని అలసంద పిండితో అకరాజెలనే వడలు వేసి అమ్మింది. ఇద్దరూ సాయంత్రానికి ఒళ్ళు పులిసి, ఏ గంటా మోగకుండా నిద్రపోయేవాళ్ళు.

అక్టోబరులో కబురొచ్చింది. మిల్లులో మొదటి చెరకు వేస్తున్నారు, పాదిరిగారు వచ్చి గానుగని దీవిస్తారు, దోనా కాందిదా తన జ్ఞానబిడ్డని చూడాలనుకుంటోంది.

"పంపను," అన్నాడు అనాక్లెతో.

"పంపకపోతే ఏమంటారు? ఊళ్ళో నాలుగు రోజులుండేసరికి పిల్లకి మర్యాద మరిపించారంటారు," అంది దమియానా. "అయినా అమ్మేదా కొనేదా ఇంకా? అవన్నీ పోయాయిగా. వెళ్ళి దీవెన తీసుకుని వద్దాం. నేనూ వస్తా, పద."

ఎవరూ వచ్చి ఎత్తుకుపోలేదు. వాళ్ళే పిల్ల తలకి నూనె రాసి, జడలు అల్లి, గౌను ఇస్త్రీ చేసి, చెరొక చెయ్యి పట్టుకుని, వాళ్ళ కాళ్ళతోనే నడిపించుకెళ్ళి అప్పగించారు.

కాందిదా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "ఎంత చిక్కిపోయిందో! ఒక్క వారం ఉంచండి. నాలుగు మెతుకులు పెట్టి పంపిస్తా."

జ్ఞానతల్లి నోరు తెరిచి అడిగితే కాదనే మనిషి ఆ సీమలో లేడు. వారమన్నది రెండయింది, మూడయింది. అనాక్లెతో వెళ్ళి అడిగితే గుమాస్తా అడ్డం నిలబడి, "అనాథ పిల్లల జడ్జిగారి దగ్గర దొరసాని అర్జీ వేసింది. ఏదన్నా ఉంటే అక్కడ చెప్పుకో," అన్నాడు.

"అనాథేంటయ్యా? నేను బతికే ఉన్నాగా!"

"అదీ అక్కడే చెప్పుకో."

*

జడ్జిగారు మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. అరిచే మనిషైతే అనాక్లెతోకి అలవాటే. ఈయన బల్ల మీదికి వంగి, కళ్ళజోడు తీసి, చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు.

"నువ్వు ఫిర్మినా కొడుకువి కదూ?"

"అవునయ్యగారూ."

"నీ తల్లి పాలు తాగి పెరిగానోయ్ నేను. బారెతో నాకు మేనత్త కొడుకు. మా అమ్మ పోయాక ఆ మిల్లులోనే పెరిగా. ఫిర్మినా రొమ్ము విడిస్తే ఏడ్చేవాణ్ణట." గదిలో ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. "ఆవిడ మెడకి ఒక ఇనప పట్టీ ఉండేది. దానికి పైన చిన్న గంట. ఆవిడ వస్తుంటే గణగణమని మోగేది. నేను చేతులు చాపి ఆ గంట పట్టుకుని లాగేవాణ్ణి. ఎంత ముద్దుగా ఉండేదనుకున్నారు! ఇప్పటికీ ఏ మేకల గంట విన్నా నాకు ఫిర్మినాయే గుర్తొస్తుంది."

గదిలో అందరూ ముచ్చటపడి నవ్వారు.

ఫిర్మినా ఒకసారి అనాక్లెతోని వీపున కట్టుకుని పారిపోయింది. నది ఒడ్డున పట్టుకున్నారు. ఇంకోసారి ఆ ఆలోచన రాకుండా మెడకి పట్టీ వేసి కొలిమిలో అతికించారు. తల తిప్పినా, తుమ్మినా, పక్కకి ఒరిగినా మోగేది. నిద్రపోవడానికి ఆ గంటలో తడిమట్టి కూరుకునేది. తెల్లారి గుమాస్తా చూడకముందే మళ్ళీ పుల్లతో తవ్వి తీసేసేది. తన తల్లి మెడ చుట్టూ పుండై చీము కారిన ఆ ఇనుము, ఈ పెద్దమనిషికి ఆటబొమ్మ. దాచుకోవడం లేదు, సిగ్గుపడటం లేదు. ప్రేమగా తలుచుకుంటున్నాడు.

"అలాంటి తల్లి కొడుకువి. నీకు నేను అన్యాయం చేస్తానా?" అన్నాడు జడ్జి. "ఇప్పుడు చెప్పు. ఈ పిల్లకి తండ్రి ఎవరు?"

"నేనేనండి."

"చర్చిలో పెళ్ళయిందా మీకు?"

"పెద్ద దొర ఒప్పుకోలేదండి. పెళ్ళయితే విడివిడిగా అమ్మడానికి ఇబ్బందని."

"అయిందా, కాలేదా?"

"కాలేదండి."

"అయితే చట్టం ముందు తండ్రి లేడు," అని కోర్టు గుమాస్తాకి చెప్పాడు జడ్జి. కోపంగా కాదు, వాన పడుతోంది అన్నట్టు చెప్పాడు.

"ఇక్కడే నిలబడ్డానండి!" అన్నాడు అనాక్లెతో.

"మరి నేను?" అని దమియానా ముందుకొచ్చింది. "మోసి కన్నది నేనండి. దానికన్నా చట్టం ముందు చోటుందా లేదా?"

"ఉందమ్మా. నువ్వు వీధి మలుపులో కూర్చుని అమ్ముకుంటావు. పిల్ల పొద్దస్తమానం వీధిలో ఉంటుంది. రేపు అది ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు." ఆయన గొంతులో జాలి ఉంది. "ఒక్క మాట అడుగుతా, ప్రమాణం చేసి చెప్పండి. దేవుడి సాక్షిగా ఈ పిల్లకి తల్లిగా ఉంటానని ఒప్పుకున్నది ఎవరు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"దొరసానిగారండి."

"ఒప్పుకోమని బతిమాలింది ఎవరు?"

"మేమేనండి," అంది దమియానా. ఆ మాట అంటుంటేనే ఆమెకి అర్థమైంది. నోటికి శాలువా కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడే తలుపు తీశారు. టకటకా చప్పుడు చేసుకుంటూ జసింతా వచ్చింది. కాందిదా చెయ్యి పట్టుకుని ఉంది. తెల్ల గౌను, కాళ్ళకి నల్ల బూట్లు, మడమ కింద మేకులు కొట్టినవి. చెక్క నేల మీద అడుగడుగుకీ మోగుతున్నాయి. చిన్నపిల్ల కాళ్ళు కదా, సరిగ్గా పట్టాయి.

జడ్జి ఆ బూట్లు చూశాడు. తర్వాత అనాక్లెతో కాళ్ళు చూశాడు. అనాక్లెతో కోర్టు గుమ్మంలో తొడుక్కోవాలని చూసి, బొటనవేలు చీరుకుని, వదిలేశాడు. బూట్లు మెళ్ళో వేలాడుతున్నాయి. వేలి నుంచి రక్తం కారి నేల మీద మరకైంది.

"దోనా కాందిదా పిల్లకి బూట్లు తొడిగింది," అన్నాడు జడ్జి మెల్లగా. "నువ్వు నీకే తొడుక్కోలేకపోయావు. ఇక నేను చెప్పేదేముంది?"

ఎవరో పకాలున నవ్వారు. కాందిదా నవ్వలేదు. ఆమె నిజంగానే ఏడుస్తోంది. "కన్నబిడ్డలా చూసుకుంటా అనాక్లెతో," అంది. "నన్ను నమ్ము."

తీర్పు చిన్నది. పిల్ల దోనా కాందిదా సంరక్షణలో ఉంటుంది. తిండి, బట్ట, మంచి బుద్ధులు ఆమె ఇస్తుంది. పిల్ల ఇంట్లో సాయంగా ఉంటుంది. ఇరవయ్యొకటో ఏడు నిండేదాకా.

"ఇరవయ్యొకటా?" అన్నాడు అనాక్లెతో. "పాత చట్టంలో ఉన్నదీ అదే కదండీ! అది రద్దయిందన్నారు. గంటలు కొట్టారు!"

"ఇది వేరే చట్టమోయ్," అన్నాడు జడ్జి, ఓపిగ్గా.

బయట మెట్ల దగ్గర దమియానా తమ్ముడు కుస్తోదియో కాచుకుని ఉన్నాడు. వాడికి ఒక తెరచాప పడవ ఉంది. మిల్లుల నుంచి చక్కెర పెట్టెలు ఎక్కించుకుని బహియా నగరానికి చేరవేస్తాడు. అక్క ముఖం చూడగానే వాడికి తీర్పేమిటో అర్థమైంది.

"దాన్ని కాదు బావా వాళ్ళు పట్టుకుంది," అన్నాడు. "మొన్న బారెతో మిల్లులో పెట్టెలెక్కించా. చక్కెర బొగ్గులా ఉంది. ఆ తొమ్మిదేళ్ళ పిల్లతో వాళ్ళకేం పని? గిన్నెలు తోమేవాళ్ళు దొరక్కనా?"

"మరెవర్నిరా?"

కుస్తోదియో బావ చేతుల వైపు చూశాడు.

*

మిల్లుకి వెళ్ళేదారిలో అనాక్లెతో ఆ మాట నమ్మకూడదనే అనుకున్నాడు. మనిషన్నవాడు అంత దూరం ఆలోచిస్తాడా, అంత కష్టపడి కోర్టూ కాగితం నడిపిస్తాడా అనుకున్నాడు.

బారెతో దొర వరండాలో ఉయ్యాల మంచం మీద పడుకుని నిమ్మకాయ షర్బత్ తాగుతున్నాడు.

"రారా మేస్త్రీ. రావడానికి ఇన్ని రోజులా?"

"పిల్లని ఇప్పించండి దొరా."

"నా చేతిలో ఏముందిరా? జడ్జి ఇచ్చింది మా కాందిదాకి. దానికి పిల్లలంటే ప్రాణం." గ్లాసు దింపాడు. "నాకు పాకం ప్రాణం. ఇద్దరికీ సరిపోయింది."

దొర దాచిపెట్టాలని కూడా అనుకోలేదు.

"నగరం నుంచి ఒకణ్ణి తెచ్చా. వాడు పాకం చూడమంటే గడియారం చూస్తాడు. నిన్నెవరూ కట్టి తేలేదురా. స్వేచ్ఛగల మనిషివి నువ్వు. నీ కాళ్ళతో నువ్వే వచ్చావు. అవునా, కాదా?"

అంతలో లోపలి నుంచి జసింతా వచ్చింది. రెండు చేతుల్తో మూత పెట్టిన కుండ పట్టుకుని, ఒలక్కుండా నెమ్మదిగా నడుస్తోంది. దొరసాని మంచం కింద నుంచి తీసిన కుండ అది. గౌను మాసిపోయి ఉంది. కాళ్ళకి బూట్లు లేవు.

తండ్రిని చూడగానే పిల్ల ముఖం విప్పారింది. కుండ వదలకూడదని గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది.

"బూట్లేవే తల్లీ?"

"బీరువాలో ఉన్నాయి నాన్నా. చర్చికి వెళ్ళేటప్పుడు ఇస్తారు."

కాందిదా కూడా తలుపు దగ్గరికి వచ్చింది. అనాక్లెతో ఆమె వైపు తిరిగాడు.

"పాకం కాస్తాను. కూలి మీ ఇష్టం, నేనడగను. కానీ ఒక్కటి. నా పిల్ల కాళ్ళకి రోజూ బూట్లుండాలి. పడుకునేదాకా ఉండాలి. ఆ ఒక్కటీ మాటివ్వండి."

"ఓస్, అంతేనా!" అంది కాందిదా, ఊరట పడినట్టుగా. "నేనింకా ఏమడుగుతావో అనుకున్నా. జసింతా, వెళ్ళి తొడుక్కో తల్లీ."

బారెతో దొర అప్పటికే కళ్ళు మూసుకున్నాడు.

*

పాకాల శాల దొర ఇంటి వరండా కిందే ఉంది. పాతకాలపు దొరలు అలాగే కట్టించారు, పైన కూర్చుని కింద ఎవరు నిలబడ్డారో చూడటానికి. అనాక్లెతో మెళ్ళోంచి బూట్లు తీసి గోడకున్న మేకుకి తగిలించి గరిటె అందుకున్నాడు. మొదటి పెనం దింపగానే చక్కెర తెల్లగా కట్టింది. గుమాస్తా పరుగెత్తుకెళ్ళి దొరకి చూపించాడు.

పైన చెక్క నేల మీద బూట్ల చప్పుడు. టక్ టక్ టక్ అని వంటగది వైపు వెళ్ళేది. కాసేపటికి తిరిగొచ్చేది. పొయ్యి ముందు చెమటలు కారుతూ అనాక్లెతో ఆ చప్పుడునే వింటూ ఉండేవాడు. తన పిల్ల ఆ ఇంట్లో బూట్లతో తిరుగుతోంది. తన తల్లి బోడికాళ్ళతో తిరిగిన నేల మీద. ఓడిపోయిన మనిషికి అదొక్కటే దక్కింది, దాన్నే గట్టిగా పట్టుకున్నాడు. ఆదివారం దమియానా వస్తే, "విన్నావా? అదీ దాని చప్పుడు," అని పైకి చూపించాడు. ఆమె విని వెళ్ళిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం పాదిరిగారు భోజనానికి వచ్చారు. వరండాలో కుర్చీలు జరిపిన చప్పుడు, గ్లాసుల చప్పుడు కిందికి వినిపించాయి. పెనంలో రసం చిక్కబడుతోంది. అనాక్లెతో గరిటె ఎత్తి తీగ చూస్తున్నాడు.

"మీ జ్ఞానబిడ్డకి రోజూ బూట్లే! ఎంత గారాబమమ్మా!" అంటున్నారు పాదిరిగారు.

"వాళ్ళ నాన్న కోరిక ఫాదర్," కాందిదా గొంతు. "నేను మొదట నవ్వుకున్నా గాని, ఎంత మేలయిందో చెప్పలేను. ఇదివరకు పిల్ల ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చేది. ఇప్పుడు ఆ బాధే లేదు. కళ్ళు మూసుకుని పడుకున్నా తెలుస్తుంది, వంటింట్లో ఉందా, మెట్ల మీదుందా అని. చప్పుడు ఆగిందంటే పని మానేసి కూర్చుందన్నమాట. ఒక్క కేక వేస్తే మళ్ళీ మొదలవుతుంది. గుమ్మం దాటినా తెలుస్తుంది."

"తండ్రి తెలివైనవాడే," అని నవ్వారు పాదిరిగారు.

అనాక్లెతో చేతిలో గరిటె ఆగిపోయింది.

పైన టక్ టక్ టక్ అని నడుస్తోంది. ఆగింది. "జసింతా!" అని కేక. మళ్ళీ టక్ టక్ టక్.

తల్లి మెడలో గంట. పుల్లతో మట్టి తవ్వి తీసే ఆ తెల్లవారుజాములు. దాన్ని వేసింది పెద్ద దొర, అతికించింది కొలిమివాడు. మరి దీన్ని? దీన్ని వేయమని అడిగింది తను. కూలి కూడా వద్దని, బతిమాలి మరీ వేయించాడు. దొర ముందు నిలబడి, మాటివ్వండి అని వేయించాడు.

పెనంలో పాకం దింపాల్సిన క్షణం వచ్చింది. కళ్ళ ముందే వచ్చింది. అది వెళ్ళిపోవడం కూడా చూశాడు. చెయ్యి కదల్లేదు. బుడగలు పెద్దవయ్యాయి, ఎర్రబడ్డాయి, అంచుల్లో నల్లబడ్డాయి. మంటవేసే పనివాడు తిరిగి చూసి, "మేస్త్రీ!" అని అరిచాడు. "మేస్త్రీ, మాడిపోతోంది!"

పైన బూట్ల చప్పుడు ఆగిపోయింది.

కాందిదా పిలిచింది. ఇంకోసారి పిలిచింది. చప్పుడు మొదలవలేదు.

వెనక మెట్ల మీద జసింతా నిలబడి ఉంది. కాళ్ళకి ఏమీ లేవు. బూట్లు రెండూ తాళ్ళతో ముడేసి మెళ్ళో వేసుకుంది, తండ్రి వేసుకున్నట్టే.

"నాన్నా, మాడు వాసనొస్తోంది. నీకేమన్నా అయిందేమోనని వచ్చా."

"బూట్లు తీసేశావేం?"

"తొడుక్కుని వస్తే తెలిసిపోతుందిగా వాళ్ళకి," అంది పిల్ల. అదేదో అందరికీ తెలిసిన సంగతన్నట్టు అంది. "రోజూ ఇట్లాగే వచ్చి ఇక్కడ నిలబడి నిన్ను చూసి పోతా. నువ్వు పైకే చూస్తావు. ఇటు చూడవు."

పొగ దట్టమైంది. గుమాస్తా, పనివాళ్ళు, వంటింటి ఆడవాళ్ళు బకెట్లతో అరుచుకుంటూ లోపలికి వచ్చారు. వరండా మీద నుంచి బారెతో దొర, "నా పాకం! ఏడీ, వాడేడీ?" అని కేకలు పెడుతున్నాడు. అందరి కళ్ళూ పెనం మీదే ఉన్నాయి. మనుషుల్ని చూసేంత తీరిక ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ లేదు.

అనాక్లెతో గరిటె కింద పెట్టాడు. కూతురి చెయ్యి పట్టుకున్నాడు. పరుగెత్తలేదు. పరుగెత్తే నల్లవాణ్ణి ఆ సీమలో ఇంకా ఎవరైనా ఆపుతారు. చెరకు తోట గట్టు మీద, పట్టపగలు, ఇద్దరూ వట్టి కాళ్ళతో నడిచి నది ఒడ్డుకి వెళ్ళారు. అడుగు చప్పుడు కాలేదు. పాకాల శాలలో మేకుకి అతని బూట్లు వేలాడుతూ ఉండిపోయాయి.

ఒడ్డున కుస్తోదియో చక్కెర పెట్టెల కోసం పడవ కట్టి కూర్చున్నాడు. వాళ్ళిద్దర్నీ చూసి లేచాడు. గాలి వాటున నల్లటి పొగ నది మీదికి వస్తోంది.

"బావా, ఏంటా వాసన?"

"అక్కని ఊరి రేవులో ఎక్కించుకుందాం," అన్నాడు అనాక్లెతో. "నగరానికి పోదాం. అక్కడ మనల్ని వెతకాలంటే వాళ్ళకి చాలా రోజులు పడుతుంది."

"అది సరే, ఆ వాసనేంటంటున్నా?"

"పాకం మాడింది."

కుస్తోదియో నోరు తెరిచి, పొగ వైపు ఒకసారి, బావ చేతుల వైపు ఒకసారి చూశాడు.

"నీ చేతిలోనా?"

"నా చేతిలోనే," అని పిల్లని ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు.